ప్రయాణంలో నమాజ్ తగ్గుతుంది, బాధ్యత తగ్గదు

శంషాబాద్‌లో 2008 మార్చిలో విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి మంఖాల్ వాసులు తలెత్తితే కనిపించేది విమానమే. అయితే మనలో చాలా కుటుంబాలకు సెలవుల ప్రయాణమంటే నేలమీదే. అమెరికాలో కొందరు పడక, పొయ్యి, నీళ్ళ ట్యాంకు అమర్చిన బండ్లలో అలాస్కా వంటి ఉత్తరాది అడవులకు పిల్లాపాపలతో వెళ్తారు. మనం ఒక వ్యాను మాట్లాడుకుని, చాపలు, గిన్నెలు, నీళ్ళ క్యాన్లు వేసుకుని ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా మేడ్చల్ వైపు వెళ్ళి, 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే చాలు. గోదావరి దాటాక నిర్మల్, ఆ తర్వాత మహబూబ్ ఘాట్, ఆపైన ఆదిలాబాద్ అడవులు.

ఇలాంటి ప్రయాణంలో ముందుగా వచ్చే సందేహం నమాజ్ గురించే. సుమారు 78 కిలోమీటర్లు, అంతకు మించిన దూరం వెళ్ళాలన్న సంకల్పంతో బయలుదేరి, ఊరి పొలిమేర దాటినవారు ముసాఫిర్ అని మన ప్రాంతపు హనఫీ పండితులు చెబుతారు. ఒకేచోట పదిహేను రోజులు ఉండే ఉద్దేశం లేనంతవరకు వారు జుహర్, అసర్, ఇషా ఫర్జ్ నమాజులను రెండేసి రకాతులు చేస్తారు. ఫజర్, మగ్రిబ్ మారవు. స్థానిక ఇమామ్ వెనుక నిలబడితే మాత్రం పూర్తిగా నాలుగు చేయాలి. ఈ సడలింపు అల్లాహ్ ఇచ్చిన దానమని, దాన్ని స్వీకరించమని దైవప్రవక్త (స) బోధించారు.

నఫిల్ నమాజులు వాహనంలో కూర్చుని చేయవచ్చు. ఫర్జ్ నమాజుకు మాత్రం బండి ఆపి, నేలమీద చాప పరచుకుని ఖిబ్లా వైపు నిలబడాలి. మనకు ఖిబ్లా పడమర, కాస్త ఉత్తరానికి వాలుగా ఉంటుంది. క్యాన్లలో వుజూకు సరిపడా నీళ్ళుంటే తయమ్ముమ్ చెల్లదు. ఉన్న నీళ్ళు పిల్లల దాహానికే సరిపోతాయనుకుంటే అప్పుడు పరిశుభ్రమైన మట్టి చాలు.

ఇక్కడివరకు చాలామందికి తెలుసు. మరి అడవి పట్ల మన బాధ్యత మాటేమిటి?

ఒక ప్రయాణంలో సహాబాలు ఒక పక్షి పిల్లలను పట్టుకున్నారు. తల్లి పక్షి రెక్కలు కొట్టుకుంటూ అక్కడే తిరగసాగింది. అది చూసిన దైవప్రవక్త (స) దాన్ని బాధపెట్టిందెవరని అడిగి, పిల్లలను తిరిగి ఇచ్చేయమన్నారు. కాల్చిన చీమలపుట్టను చూసి, నిప్పుతో శిక్షించే హక్కు నిప్పుకు ప్రభువైన అల్లాహ్‌కే ఉందన్నారు. ఈ రెండూ ప్రయాణంలో నేర్పిన పాఠాలే కావడం గమనించాలి.

2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్ ఈ ప్రాంతంలోనే ఉంది. మహారాష్ట్రలోని తడోబా, తిప్పేశ్వర్ అడవుల నుంచి పులులు ఇటు వస్తుంటాయి. అక్కడ మనం అతిథులం. వంట నిప్పు ఆర్పకుండా వదిలేయడం, ప్లాస్టిక్ పారేయడం, కోతులకు బిర్యానీ మెతుకులు విసరడం, రాత్రివేళ బండిని వేగంగా తోలడం, వీటిలో ఏదీ అతిథి మర్యాద కాదు. దారిలో, చెట్టు నీడలో మలమూత్ర విసర్జన చేయడాన్ని ప్రవక్త (స) గట్టిగా నిషేధించారు. నేరడిగొండ దగ్గర కుంటాల జలపాతం చూడముచ్చటైనదే. కానీ దాని నీళ్ళలో దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. పిల్లల చేయి వదలకూడదు.

ముగ్గురు ప్రయాణిస్తే ఒకరిని అమీర్‌గా ఎన్నుకోవాలన్నది కూడా ప్రవక్త (స) బోధనే. అమీర్ అంటే ముందు సీటులో కూర్చునేవాడని కాదు. దాదీకి మోకాళ్ళ నొప్పి ఉంటే బండి ఎక్కడ ఆపాలో చూసుకోవాలి. ఆడవాళ్ళు వుజూ చేసుకోవడానికి చాటు ఏర్పాటు చేయాలి. వంట భారమంతా వారి మీదే పడకుండా చూడాలి. లేకపోతే ఇంట్లోని వంటగదినే అడవికి మోసుకెళ్ళినట్టవుతుంది. అప్పుడు వారికి సెలవు ఎక్కడిది?

మన నమాజును తేలిక చేసిన అల్లాహ్, మన వల్ల ఇతరులకు బరువు కలగకుండా ప్రయాణించే బుద్ధిని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.