రాలిన ఆకు ఖరీదు

దోహా నగరానికి దక్షిణాన ఉన్న బర్వా అల్ బరాహా, 50,000కు పైబడిన కార్మికుల వసతికై నిర్మించిన నివాస ప్రాంగణం. ఇటువంటి వసతులలో ఉంటూ పనికి వెళ్ళే మన తెలుగువారిలో కొందరి వృత్తి తోటపని, పారిశుద్ధ్యం. విల్లాల ముంగిట మనం పెంచుకొనే చెట్ల కొమ్మలను, ముళ్ళతో కూడిన ఖర్జూరపు మట్టలను ఎత్తి లారీకెక్కించేది అట్టి చేతులే. ఆ ఆకు తరువాత ఏమవుతుంది? దానిని మోసే ఖర్చు ఎవరు భరించడం న్యాయం?

ఇంగ్లండులోని స్థానిక సంస్థలు ఇందుకొక మార్గం కనుగొన్నాయి. ఇంటి చెత్తను ఉచితంగా తీసికొనిపోవడం అక్కడి పురపాలక సంస్థల బాధ్యత; తోట చెత్తకు మాత్రం సేకరణ రుసుము తీసికొనడానికి చట్టం అనుమతిస్తుంది. బర్మింగ్‌హామ్ నగరం 2014లో ఈ పద్ధతిని ప్రవేశపెట్టింది. తోటలేని అపార్టుమెంటు వాసి, తోట ఉన్నవాని ఖర్చును మోయనవసరం లేదన్నది ఇందలి తర్కం. పెరటిలోనే ఎరువు చేసుకొనేవారు రుసుము చెల్లించనక్కరలేదు.

మన దేశంలో 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు తోట చెత్తను విడిగా ఉంచాలని, సేవకు రుసుము చెల్లించాలని పేర్కొన్నాయి. అయితే ఆంధ్రప్రదేశ్‌లో 2021లో పట్టణ గృహాలపై మొదలైన చెత్త రుసుము ప్రజల అసంతృప్తికి గురై 2024లో రద్దయింది. తాము చెల్లించిన దానికి ఏమి లభిస్తున్నదో కనబడనప్పుడు రుసుము పన్నుగానే తోచడం సహజం.

మరి తోట చెత్త విషయంలో లభించేదేమిటి? వేరుచేయడమే. గాలి చొరని చెత్తగుట్టలో కప్పబడిన ఆకు కుళ్ళి మీథేన్ వాయువును వెలువరిస్తుంది. నూరేళ్ళ లెక్కన చూస్తే, అంతే బరువుగల బొగ్గుపులుసు వాయువు కంటె ఇది సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. అదే ఆకును గాలి, తేమ తగినంతగా ఉండేట్లు కుప్పవేస్తే సూక్ష్మజీవులు దానిని ఎరువుగా మారుస్తాయి. వాటికి ఒక పాలు నత్రజనికి సుమారు 30 పాళ్ళ కర్బనం అనుకూలం. పచ్చగడ్డిలో నత్రజని ఎక్కువ. ఎండు మట్టలో కర్బనం ఎక్కువ. కనుక మట్టలను చిన్న ముక్కలుగా నలగగొట్టి, గడ్డితో కలుపుతారు. కుప్ప లోపలి వేడి 55 డిగ్రీలు దాటి కొన్నాళ్ళు నిలిస్తే కలుపు విత్తనాలు, రోగకారక జీవులు చాలావరకు నశిస్తాయి. ఇందులో గాజుపెంకులు, ప్లాస్టిక్ సంచులు చేరితే మాత్రం ఆ ఎరువు పొలానికి పనికిరాదు.

ఏడాదికి సుమారు 80 మిల్లీమీటర్ల వర్షమే కురిసే ఖతర్‌లో ఈ ఎరువు విలువ ఇంకా ఎక్కువ. ఇసుకనేల నీటిని నిలుపుకోలేదు. సేంద్రియ పదార్థం చేరితే ఆ శక్తి పెరుగుతుంది. 2011లో మెసాయిద్ వద్ద ప్రారంభమైన గృహవ్యర్థాల కేంద్రం ఎరువును, విద్యుత్తును కూడ ఉత్పత్తి చేసేందుకు నిర్మితమైనది. 2019లో పది లక్షల చెట్లు నాటే కార్యక్రమాన్ని చేపట్టిన దేశమిది. చెట్లు పెరిగినకొద్దీ రాలే ఆకూ పెరుగుతుంది.

ఈ శాస్త్రం మనకు కొత్తది కాదు. పెంటకుప్పను బండ్ల మీద పొలానికి తోలడం, జనుము, జీలుగ పెంచి పచ్చిరొట్టగా దున్నడం మన రైతుకు వాడుకే. ఆ రైతు బిడ్డలే నేడు ఎడారిలో మట్టలు మోస్తున్నారు. కొమ్మలను పొట్టిగా నరికి కట్టలు కట్టడం, ముళ్ళున్న మొదళ్ళను విడిగా పెట్టడం, ఆకుల సంచిలో వంటింటి ప్లాస్టిక్ వేయకుండటం మన వంతు. రుసుము ఉన్నచోట దానిని చెల్లించినా ఈ పని మనకు తప్పదు. వేసవి మధ్యాహ్నం ఆ సంచిని విప్పి, చేతులతో ఏరవలసిన అవస్థ అప్పుడు మన తోటి తెలుగువానికి తప్పుతుంది.