బర్డ్ ఫ్లూ వైరస్‌కు మన ఒంట్లో ఎవరి సాయం కావాలి?



2025 ఫిబ్రవరిలో తూర్పు గోదావరి జిల్లా కానూరు అగ్రహారంలో, పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరులో కోళ్ళు గుంపులుగా చనిపోయాయి. భోపాల్‌లోని ప్రయోగశాల అది హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ అని తేల్చింది. ఆ నెలంతా మా ఓ.పి.లో తల్లులు అడిగింది ఒక్కటే: "సిస్టరమ్మా, కోడికూర మానేయాలా?" మానక్కర్లేదు, బాగా ఉడికించండి అని చెబుతూ వచ్చాను. మార్చిలో పల్నాడు జిల్లాలో రెండేళ్ళ పాప ఈ జబ్బుతోనే చనిపోయింది. పాప పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని ఇంటివారు చెప్పినట్టు వార్తలు వచ్చాయి. అప్పుడు రెండో ప్రశ్న మొదలైంది. కోళ్ళను ఇంత తేలిగ్గా చంపే వైరస్ మనుషులకు అరుదుగానే ఎందుకు సోకుతుంది? సోకితే అంత ప్రమాదం ఎందుకు?

జవాబు ప్రొటీన్లలో ఉంది. ప్రొటీన్ అంటే పప్పులో, గుడ్డులో ఉండే పోషకం అనే మనకు తెలుసు. నిజానికి కణంలో పనులన్నీ చేసేవి కూడా ప్రొటీన్లే. మన కణాల్లో అవి వేల రకాలు. ఫ్లూ వైరస్ దగ్గర ఉన్నవి డజనుకు అటూ ఇటూ. అంత కొద్ది సరంజామాతో అది తనంతట తాను పెరగలేదు, మన కణంలో దూరి మన ప్రొటీన్ల చేత పని చేయించుకుంటుంది.

ఏ ప్రొటీన్ దేనితో కలుస్తుందో కంప్యూటరు మీద గీతలు కలిపి పటం వేసి, ఎక్కువ గీతలు కలిసేచోటు వెతకడమే నెట్‌వర్క్ విశ్లేషణ. ఫ్లైఓవర్ రాకముందు మన ఎన్.ఎ.డి. జంక్షన్ గుర్తుందా? అక్కడ ఒక లారీ ఆగిపోతే గాజువాక వాళ్ళూ, గోపాలపట్నం వాళ్ళూ, కంచరపాలెం వాళ్ళూ అందరూ ఆగేవారు. అదే లారీ ఏదో సందులో ఆగితే ఆ సందువారికే ఇబ్బంది. కణంలోనూ అలాంటి జంక్షన్లు ఉన్నాయి.

2010లో ఫ్లూ వైరస్‌కు అవసరమైన మన జన్యువులేవో వెతికి ఒక బృందం 287, మరో బృందం 295 పేర్లు ప్రకటించాయి. చాలా పేర్లు కలవలేదు! కానీ పటం మీద పెట్టి చూస్తే పేర్లు వేరైనా పనులు కలిశాయి. ఉదాహరణకు, కణం వైరస్‌ను ఒక చిన్న సంచిలో లోపలికి తీసుకుంటుంది. ఆ సంచిలో ఆమ్లం నింపే పంపు ఒకటుంది. ఆమ్లం పెరిగితేనే వైరస్ సంచి దాటి బయటపడగలదు. ఆ పంపు రెండు జాబితాల్లోనూ కనబడింది.

అయితే పంపును ఆపేసే మందు ఇవ్వవచ్చు కదా అంటారు. ఆ పంపు మనకూ కావాలి. జంక్షన్ మూసేస్తే దొంగబండితో పాటు అంబులెన్సూ ఆగుతుంది. అందుకే ఇప్పుడు వాడే ఒసెల్టామివిర్ మన ప్రొటీన్ జోలికి పోదు. కొత్త వైరస్‌లు కణం నుంచి విడిపోవడానికి కత్తెరలా పనిచేసే వైరస్ సొంత ప్రొటీన్‌ను అడ్డుకుంటుంది.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. పక్షి వైరస్ అంటుకునే రకం చక్కెర అణువులు మనకు ముక్కు, గొంతులో తక్కువ. ఊపిరితిత్తుల లోతుల్లో, కంటి పొరలో ఉన్నాయి. అందుకే సోకడం అరుదు, సోకితే లోతుకు పోతుంది. రెండో అడ్డు 2016లో లండన్ శాస్త్రవేత్తలు చూపించారు. ఎ.ఎన్.పి.32ఎ అనే ప్రొటీన్ పక్షుల్లో మనకన్నా 33 అమైనో ఆమ్లాలు పొడవు. పక్షి వైరస్ తన నకళ్ళు తీసుకోవడానికి ఆ పొడవుకే అలవాటుపడింది. మన పొట్టి ప్రొటీన్‌తో దానికి పని సరిగా సాగదు. కానీ వైరస్ ప్రొటీన్లలో పి.బి.2 అనేదానిలో 627వ స్థానంలో ఒక్క మార్పు జరిగితే చాలు, సాగుతుంది. ఇంత పెద్ద గోడకు ఇంత చిన్న గడియా అని నాకు ఆశ్చర్యం. మనిషికి సోకిన ప్రతిసారీ వైరస్‌కు ఆ మార్పు తెచ్చుకునే అవకాశం దొరుకుతుంది.

కాబట్టి చచ్చిన కోళ్ళను వట్టి చేతులతో ముట్టకండి, పశువైద్య సిబ్బందికి చెప్పండి. కోడి కోసేచోటికి పిల్లల్ని రానివ్వకండి. మాంసం లోపలి దాకా 70 డిగ్రీల వేడి తగిలేలా ఉడకాలి, గులాబీ రంగు మిగలకూడదు. జబ్బు కోళ్ళ దగ్గర తిరిగాక జ్వరం, దగ్గు, కళ్ళు ఎర్రబడటం ఉంటే, డాక్టరుగారు అడగకపోయినా కోళ్ళ సంగతి మీరే ముందు చెప్పండి. ఒసెల్టామివిర్ మొదటి రెండు రోజుల్లో మొదలైతే ఎక్కువ మేలు చేస్తుంది.