స్త్రీలును, పేదరికమును, రక్తహీనతయు

ఉదయమున బడి ప్రారంభమగు వేళ బారులుదీరి నిలిచిన బాలికలలో ఒకరిద్దఱు నిలువలేక కూలబడుట మేము పలుమాఱులు చూచితిమి. సోమరితనమని కసరిన దినములును గలవు. అది తప్పని పిదప తెలిసికొంటిమి. వారిలో పెక్కుమందికి లోపించినది శ్రద్ధ గాదు, రక్తము.

రక్తమునకు ఎఱ్ఱదనము నిచ్చునది హీమోగ్లోబిను. ఇనుము లేనిదే యది తయారుకాదు. మనము పీల్చిన ప్రాణవాయువును అది శరీరమంతటికిని చేర్చును. గర్భిణి కాని స్త్రీకి నూఱు మిల్లీలీటర్ల రక్తమునందు అది 12 గ్రాములకు తక్కువ గాకుండ నుండవలెను. తగ్గినచో ఆయాసము, నీరసము కలుగును. చదువుపై మనసు నిలువదు. గర్భవతికి కానుపు వేళ ప్రాణాపాయము హెచ్చును. శిశువు తక్కువ తూకముతో పుట్టవచ్చును.

2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను బట్టి, మనదేశమున 15 మొదలు 49 ఏండ్ల వయసుగల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులు. అదే వయసు పురుషులలో 25 మంది మాత్రమే. ఆంధ్రప్రదేశమున స్త్రీలు నూటికి సుమారు 59, తెలంగాణమున 58 మంది.

ఇంత భేదమేల? నెలనెలయు పోవు రక్తమును, కాన్పులును స్త్రీకి ఇనుము ఎక్కువ కావలసినట్లు చేయుచున్నవి. ఇది ప్రకృతి. కాని యెక్కువ కావలసిన యామెకే యింట తక్కువ దొరకుచున్నది. ఇది మనము చేసినది. మగవారు తినిన పిమ్మట కుండ యడుగున మిగిలినదే యామె భోజనము. పేదయింట ఆ మిగిలినది వట్టి అన్నమును పచ్చడియునే. పొలములలో చెప్పులు లేక తిరుగువారి పాదములగుండ కొంకిపురుగులు జొచ్చి ప్రేగులయందు రక్తము పీల్చును. ఇట్లు పేదరికమును స్త్రీత్వమును ఒకచోట కలిసినప్పుడు వ్యాధి బలపడును. అయినను కలవారి స్త్రీలు సైతము దీనికి దూరముగా లేరు.

ఇనుమేగాక వేఱొక లోపమును రక్తమును తగ్గించును. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టలమిల్లులలో పనిచేయు పేద గర్భిణుల రక్తహీనతను పరిశోధించిరి. దానికి మూలము తిండి లోపమని కనుగొని, ఈస్టు సారముతో నయము చేయవచ్చునని 1931లో ప్రకటించిరి. అందలి గుణము ఫోలిక్ ఆమ్లమునదని పిదప తేలినది. ఆ యామ్లమును 1945 ప్రాంతమున కృత్రిమముగా తయారుచేసిన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నాయకులు, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

1970లో మన ప్రభుత్వము ఇనుమును, ఫోలిక్ ఆమ్లమును గల మాత్రలను గర్భిణులకు పంచు కార్యక్రమము ప్రారంభించెను. నేడు బడులలో వారమునకొక మాత్ర యిచ్చుచున్నారు. మందు దొరకి దశాబ్దములు గడచినను వ్యాధి తొలగలేదు. మాత్రతోపాటు పళ్లెరమును మాఱవలసి యున్నది.

కావున తలిదండ్రులకు మా మనవి: పప్పు, ఆకుకూరలు, గ్రుడ్లు, చేపలు ఏవి కలిగిన నవి ఆడుపిల్లకును సమముగా వడ్డింపుడు. నిమ్మ, ఉసిరిక తోడైనచో ఇనుము బాగుగ ఒంటబట్టును. భోజనముతో టీ త్రాగినచో తగ్గును. విద్యార్థులారా, బడిలో నిచ్చు మాత్రను పాఱవేయకుడు. ఈ రాత్రి మీ తల్లి యెప్పుడు భుజించుచున్నదో, ఆమెకు ఏమి మిగులుచున్నదో గమనింపుడు. రేపటినుండి ఆమెను మీతో గూర్చుండబెట్టుకొనుడు.