మత్తుసూది పడ్డాక పంటిలో రక్తం ఏమవుతుంది?

పంటి నొప్పి ముదిరితే ఎర్రగుంట్ల మనుషులు ప్రొద్దుటూరు క్లినిక్కుకో, కడప ప్రభుత్వ దంత వైద్య కళాశాలకో పోతారు. సూది పడగానే చిగురు చుర్రుమంటుంది, కాసేపు గుండె దడదడలాడుతుంది. మత్తుమందు పడలేదని భయపడతారు. చాలావరకు అది మత్తుమందు పని కాదు, దానికి తోడుగా కలిపిన అడ్రినలిన్ పని.

మందు బుడ్డి మీద లిగ్నోకైన్ 2 శాతం, అడ్రినలిన్ 1:80,000 అని ఉంటుంది. అంటే మిల్లీలీటరుకు 12.5 మైక్రోగ్రాములు. ఆ పిసరంత ఎందుకంటే, ఒట్టి లిగ్నోకైన్ రక్తనాళాలను విప్పారుస్తుంది, ఆ రక్తమే మందును లాక్కుపోతుంది. పంటిలో మత్తు పది నిమిషాలు నిలిస్తే గొప్ప. అడ్రినలిన్ నాళాలను బిగిస్తే గంటసేపు ఉంటుంది. గాలి తగిలితే అడ్రినలిన్ చెడిపోతుంది కనుక మెటాబైసల్ఫైట్ కలిపి, ద్రావణాన్ని పుల్లగా ఉంచుతారు. చురుకు ఆ పులుపుదే. జపాన్ రసాయన శాస్త్రవేత్త తకమినె 1901లో అడ్రినలిన్‌ను వేరుచేసినట్టు ప్రకటించాక, దాన్ని మత్తుమందులో కలిపే పద్ధతిని వాడుకలోకి తెచ్చినవాడు జర్మన్ సర్జన్ హైన్రిష్ బ్రౌన్.

ఈ బిగింపు చిగురుతో ఆగదు. పంటి నడుమ ఉండే మెత్తటి గుజ్జుకు రక్తం వచ్చేది ప్రధానంగా వేరు కొనన ఉన్న సన్నటి రంధ్రం గుండానే. చుట్టూ గట్టి గోడ, చెప్పుకోదగ్గ పక్కదారి లేదు. ఆ కొన దగ్గర నాళాలు ముడుచుకుంటే లోపలికి రక్తం అందదు. 1984లో సింగ్‌కుక్ కిమ్ బృందం కుక్కల పళ్లలో దీన్ని కొలిచింది. అడ్రినలిన్ ఉన్న మందుతో గుజ్జులో రక్తప్రవాహం బాగా పడిపోయింది. పంటికీ ఎముకకూ మధ్య ఉండే పొరలోకి సూది వేసినప్పుడైతే చాలాసేపు దాదాపు ఆగిపోయింది. అడ్రినలిన్ లేని మందుతో అలా జరగలేదు.

పన్ను చచ్చిపోదా? ఆరోగ్యంగా ఉన్న గుజ్జు తట్టుకుంటుంది, మత్తు దిగాక రక్తం మళ్లీ వస్తుంది. రూట్ కెనాల్‌లో గుజ్జునే తీసేస్తారు కనుక చింతే లేదు. బతికున్న పన్నును క్యాప్ కోసం అరగదీసేటప్పుడే జాగ్రత్త కావాలి. డ్రిల్లు వేడికి లోపల పుట్టే వాపు పదార్థాలను కడిగేసే రక్తం ఆ గంటలో ఉండదు. అందుకే నీళ్లు చిమ్ముతూ, ఆగి ఆగి అరగదీయాలి. నాపరాయి కోసే రంపం మీద నీళ్లెందుకు వదులుతారో ఎర్రగుంట్లవాళ్లకు చెప్పాలా!

గుండెజబ్బు ఉన్నవాళ్లకు ఒక విడతలో 40 మైక్రోగ్రాముల అడ్రినలిన్ దాటకుండా చూస్తారు. 1:80,000 మందైతే అది మూడు మిల్లీలీటర్ల పైచిలుకు. ప్రొప్రనొలాల్ లాంటి మాత్రలు వాడేవాళ్లకు ఆ కాస్తకే బీపీ పెరగవచ్చు కాబట్టి, కుర్చీలో వాలకముందే ఆ మాత్రల పేర్లు డాక్టరుకు చెప్పాలి.