మూత్రపిండాల రోగికి రొయ్యలు

మా నగరికి సముద్రం కొద్ది గంటల దూరమే. పచ్చిరొయ్యలు, ఎండురొయ్యలు రెండూ వంటింటికి చేరుతుంటాయి. మూత్రపిండాలు చెడినవారు వీటిని పూర్తిగా మానవలెనా అని నన్ను తరచు అడుగుతుంటారు.

మానవలసిన పని లేదు, కొలత ముఖ్యం. వండిన రొయ్యలు 100 గ్రాములలో మాంసకృత్తులు 20 గ్రాములకు పైబడి ఉంటాయి. డయాలిసిస్ అవసరపడని 60 కిలోల రోగికి దినమంతటికీ సాధారణంగా అనుమతించేది 36 నుండి 48 గ్రాములే. కనుక ఏ 50 గ్రాములో తిని, ఆనాడు పప్పు, గుడ్డు తగ్గించవలెను. డయాలిసిస్ పొందువారికి మాంసకృత్తులు అధికంగానే కావలెను. వారి కొలత వేరు.

నాకు అసలు భయం ఎండురొయ్యలతోనే. వాటి ఉప్పు రక్తపోటును, వాపును పెంచును. గడ్డకట్టించి అమ్మే రొయ్యలకు కొన్నిచోట్ల ఫాస్ఫేటు లవణాలు పట్టిస్తారు. ఆ భాస్వరం రక్తంలో సులువుగా చేరును. పులుసు చిక్కగా ఉండవలెనని చింతపండు, టమాటా దండిగా వేస్తే పొటాషియం హెచ్చును.

వాపు తగ్గునని పునర్నవ, అనగా అటికమామిడి, వాడువారున్నారు. అందులోనూ పొటాషియం మెండు. రక్తపరీక్ష చూపించి వైద్యుని అనుమతి పొందనిదే వాడరాదు.