మోకాలి బలం - కొలతల్లో మెలికలు

మా అక్క కొడుకు కబడ్డీ ఆడతాడు. పోయినేడు దేవనకొండలో ఆడుతుంటే మోకాలు మెలి తిరిగి లోపల లిగమెంటు తెగింది. ఆపరేషనయ్యి ఏడు నెలలు కాగానే, "చిన్నమ్మా, నాకు 92 శాతం వచ్చింది, ఇంక ఆడొచ్చు" అంటూ కాగితం పట్టుకుని వచ్చాడు. బాగున్న కాలి బలంలో దెబ్బతిన్న కాలికి కనీసం 90 శాతం ఉంటే ఆటకు పంపొచ్చని డాక్టర్లు చూసే లెక్క అది. కానీ నెల కిందట వేరే చోట తీసిన కాగితంలో 76 ఉంది. నెలలోనే 16 పెరిగిందా? నాకు నమ్మకం కుదరలేదు. ఫిజియోథెరపీ చేసే అమ్మాయిని పట్టుకుని అడిగాను.

తొడ ముందు కండరం కాలిని చాపుతుంది, వెనకది మడుస్తుంది. ఆ బలాన్ని చేత్తో అదిమి చూసి సున్నా నుంచి ఐదు దాకా మార్కులు వేయడం పాత పద్ధతి. మంచం పట్టినవాళ్ళకు అది పనికొస్తుంది గానీ, కబడ్డీ ఆడే పిల్లగాడి కాలిని చేత్తో ఆపేదెవరు? కాస్త బలం తగ్గిన కాలికీ ఐదుకి ఐదు పడిపోతాయి.

పెద్ద ఆసుపత్రుల్లో ఐసోకైనెటిక్ మిషను ఉంటుంది. కుర్చీలో కూర్చోబెట్టి నడుముకూ తొడకూ బెల్టులు బిగిస్తారు. ఎంత గట్టిగా తన్నినా కాలు ఒకే వేగంతో కదిలేట్టు మిషను అడ్డుకుంటుంది. అన్నిటికన్నా నమ్మకమైనది ఇదే. అయినా దీనికీ మెలికలున్నాయి. సెకనుకు 60 డిగ్రీల వేగంతో వచ్చిన అంకె 180కి మారిస్తే తగ్గిపోతుంది. బెల్టు వదులైనా, మోకాలి కీలు మిషను ఇరుసుకు సరిగ్గా ఎదురుగా లేకపోయినా లెక్క మారుతుంది. మొదటిసారి కూర్చున్నవాళ్ళకు తన్నడం చేతకాదు. పక్కన నిలబడి "ఇంకా, ఇంకా" అని అరిస్తే ఎక్కువ తన్నుతారు!

మూడోది చేతిలో పట్టుకునే మీటరు. చీలమండ పైన ఆనించి తన్నమంటారు. దాన్ని మోకాలి వైపు జరిపితే అదే కాలికి ఎక్కువ చూపిస్తుంది. తిరగలి పిడి మధ్యకు జరిగితే ఎంత బలం పెట్టాలో మనకు తెలియనిదా?

మావాడి మొదటి కాగితం మిషనుది, రెండోది ఈ చేతి మీటరుది. నిన్న శేరుతో, ఈ రోజు గ్లాసుతో కొలిచి బియ్యం పెరిగాయన్నట్టు లేదూ! పైగా బాగున్న కాలు తన్నినప్పుడు మీటరు పట్టుకున్నవాళ్ళ చెయ్యి వెనక్కి పోతే ఆ కాలి అంకె తగ్గుతుంది. అది తగ్గితే దెబ్బతిన్న కాలి శాతం దానంతటదే పెరుగుతుంది. ఇంకో మాట. నెలల తరబడి ఆట లేక బాగున్న కాలు కూడా నీరసిస్తుంది. దానిలో 90 శాతమంటే ఏపాటి?

వీటిలో ఒక్క మాటా మావాడికి ఎక్కలేదు. "పుల్లెల గోపీచంద్‌కు మోకాలు పోలేదా? ఆల్ ఇంగ్లాండ్ గెలవలేదా?" అన్నాడు. గెలిచాడు నాయనా. దెబ్బ తగిలింది 1994లో, గెలిచింది 2001లో.

చివరికి మొదటి మిషను మీదే, అదే వేగంతో, ముందు చేసినామెతోనే మళ్ళీ చేయించాం. ఏ మిషను, ఏ వేగం, ఎవరు చేశారు అన్నది ఈసారి కాగితం మీద రాయించుకున్నాను.

81 వచ్చింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.