నవ్వించడం నవ్వులాట కాదు
హాస్య రచనకు పాఠ్యగ్రంథం 'కన్యాశుల్కం'

విజయనగరం: కళాశాల వార్షికోత్సవానికో, నాటిక పోటీలకో హాస్య నాటిక రాయబూనిన యువ రచయితలకు తరచూ ముందుగా తట్టేవి నత్తివాడు, చెవిటివాడు, స్థూలకాయుడు వంటి పాత్రలే. అటువంటి పాత్ర వేదికపైకి రాగానే నవ్వు వినిపిస్తుంది. రెండో రంగానికి అది అడుగంటుతుంది. ప్రేక్షకులలో అదే లోపం ఉన్న వ్యక్తి ఉంటే తల వంచుకుని కూర్చోవలసిందే. ఎవరినీ నొప్పించకుండా తెర పడేదాకా నవ్వించడం ఎలాగన్న ప్రశ్నకు సమాధానం జిల్లాలోనే ఉంది. అది మహాకవి గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం'.

శాస్త్రం చెప్పిన కారణాలు

భరతముని నాట్యశాస్త్రం ఎనిమిది రసాలలో హాస్యాన్ని ఒకటిగా పేర్కొంది. దీనికి స్థాయీభావం హాసం. స్మితం మొదలు అతిహసితం వరకు నవ్వు ఆరు విధాలని వివరించింది. నవ్వు పుట్టడానికి కారణాలుగా వికృత వేషం, దురాశ, మోసం, పొంతన లేని ప్రసంగం మొదలైనవి చెప్పింది. అంగవైకల్యాన్ని చూడటం కూడా ఆ జాబితాలో ఉంది. వీటన్నింటికీ మూలం పొసగనితనమే. ఉండవలసిన దానికీ, ఉన్న దానికీ మధ్య ఏర్పడే ఎడమే నవ్వుకు పుట్టినిల్లు. అయితే అంగవైకల్యం మనిషి కోరి తెచ్చుకున్నది కాదు. దురాశ, మోసం అతడు చేజేతులా చేసేవి. గురజాడ తన నాటకాన్ని ఈ రెండింటిపైనే నిలబెట్టారు.

కన్నీటి లెక్క నుంచి కామెడీ

నాటకానికి ఆధారమైన విషయం నవ్వదగినది కాదు. నాటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్క వివాహాలపై విజయనగరం మహారాజా జాబితా తయారు చేయించారు. అందులో 1,034 వివాహాలు నమోదైనట్లు గురజాడ తన పీఠికలో తెలిపారు. పసిపిల్లలను వృద్ధులకు అమ్ముతున్న ఈ దురాచారంపై ఆయన ఉపన్యాసం రాయలేదు, నవ్వును ఆయుధంగా ఎంచుకున్నారు. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైన నాటకం 1897లో గ్రంథరూపం దాల్చింది.

తన తప్పు తనకు తెలియని పాత్ర

హాస్య పాత్ర తాను నవ్వులపాలవుతున్నానని ఎరుగరాదు. అగ్నిహోత్రావధాన్లు పెద్దకూతురు బుచ్చమ్మను ముసలివానికి ఇచ్చి చేశాడు. ఆమె వితంతువై పుట్టింటికి చేరింది. అయినా చిన్నకూతురు సుబ్బిని మరో వృద్ధుడైన లుబ్ధావధాన్లుకు ఇవ్వడానికి సిద్ధపడతాడు. తాను చేసేది సబబేనని అతని దృఢ విశ్వాసం. ఆ విశ్వాసానికీ, అతని చేతలకూ మధ్య ఎడమే మనల్ని నవ్విస్తుంది. ఇక్కడ నవ్వు గురిపెట్టింది తండ్రి దురాశపైనే తప్ప కూతురి వైధవ్యంపై కాదు.

గిరీశం సంగతీ అంతే. పట్టణంలోని బొంకులదిబ్బ దగ్గర, అప్పులవాళ్ల బెడదతో ఊరు విడవాలని తలపోస్తూ అతడు మొదటి రంగంలో కనిపిస్తాడు. చేతిలో చిల్లిగవ్వ లేదు, నోట మాత్రం సంఘ సంస్కరణ, ఇంగ్లిషు ముక్కలు. రచయిత అతణ్ని తిట్టనవసరం లేదు. మాట్లాడనిస్తే చాలు, తనంతట తానే బయటపడతాడు.

ప్రేక్షకునికి ముందే తెలియాలి

సుబ్బి పెళ్లి తప్పించడానికి మేనమామ కరటకశాస్త్రి తన శిష్యునికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లుకు కట్టబెడతాడు. వధువు మగపిల్లవాడని ప్రేక్షకులకు తెలుసు, వరునికి తెలియదు. అందుకే మామూలు మాట కూడా నవ్వు పుట్టిస్తుంది. రహస్యాన్ని చివరిదాకా దాచి ఉంటే ఒక్కసారే నవ్వేవారు. ముందే చెప్పడం వల్ల రంగం రంగానికీ నవ్వుతారు. లుబ్ధావధాన్లు ఈ ఉచ్చులో పడింది తన ఆశవల్లనే కాబట్టి ఆ నవ్వులో క్రౌర్యం ఉండదు.

నవ్వు పక్కనే నొప్పి

సుబ్బి పెళ్లి నిశ్చయమైందని విని తల్లి వెంకమ్మ నూతిలో దూకుతుంది. నవ్వుల నాటకంలో ఆ ఘట్టాన్ని గురజాడ దాచలేదు. నష్టపోయేది ఎవరో ప్రేక్షకునికి గుర్తుండాలి. అది మరచిన హాస్యం వెకిలితనంగా మారుతుంది.

తిరగరాతే కీలకం

సంభాషణలలో ప్రతి పాత్రకూ తనదైన భాష ఉండటం ఈ నాటకానికి మరో బలం. పేరు చూడకుండానే మాట్లాడుతున్నది ఎవరో పోల్చుకోవచ్చు. ఈ పరిణతి ఒక్కనాటిది కాదు. పేరు తెచ్చిన నాటకాన్నే గురజాడ దాదాపు కొత్తగా తిరగరాసి 1909లో రెండో కూర్పు వెలువరించారు. నేడు అందరూ చదువుతున్నది ఆ కూర్పే.

హాస్య నాటిక రాసేవారు పూర్తయ్యాక ఒక్క పరీక్ష పెట్టుకోవచ్చు. వేదికపై ఎవరిని చూసి నవ్విస్తున్నారో ఆ వ్యక్తి మొదటి వరుసలో కూర్చుని ఉన్నాడని ఊహించాలి. అతడు తన చేతలకు సిగ్గుపడితే హాస్యం ఫలించినట్లే. తన పుట్టుకకు సిగ్గుపడవలసి వస్తే ఆ కాగితం చించి మళ్లీ మొదలుపెట్టడమే మేలు.